సేటు కప్పితే ఎండ, విప్పితే వాన

ఆ సోమవారం పొద్దున వెంకట్రాం చేతిలో ఉన్నవి ఇవి: దుకాణంలో నలభై ఎనిమిది టార్పాలిన్లు, కల్లంలో ఎండుతున్న పద్దెనిమిది క్వింటాళ్ల మిరపకాయ, ఆ కాయ కోసమే పక్కకు తీసి పెట్టుకున్న మరో ఆరు టార్పాలిన్లు, నడిచే స్థితిలో ఒక స్కూటర్, మాట వినే స్థితిలో లేని ఒక భార్య. వీటన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. వెంకట్రాం లెక్క తప్పడని డోర్నకల్‌లో ఒక పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. రైతులకు గోనె సంచులు అమ్మి, టార్పాలిన్లు కిరాయికిచ్చే దుకాణం ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్నాడు. ఎప్పుడు ఎంత సరుకు దింపాలో, ఎప్పుడు లేదని చెప్పాలో అతనికి తెలుసు. ఇరవై ఆరేళ్లు రైతులను గల్లాపెట్టె ఇవతల నుంచి చూశాక అతనికి ఒక అభిప్రాయం గట్టిపడింది. వీళ్లకు పంట వస్తుంది గానీ లెక్క రాదు. లెక్క వచ్చినవాడు సేద్యం చేస్తే ఎలా ఉంటుందో చూపిస్తానని పోయిన వానాకాలంలో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి పెట్టాడు. భార్య రజిత అప్పుడు ఒక్కటే అంది. "పంట ఎర్రగ ఇంటికొస్తె నేనేం మాట్లాడ. రాకపోతె ఇగ నువ్వు జిందగీల మాట్లాడొద్దు." కాబట్టి కల్లంలో ఎండుతున్నది ఒట్టి మిరపకాయ కాదు, వెంకట్రాం ఇంట్లో నోరెత్తే హక్కు.

రైల్వే గేటు అవతల, రోడ్డు పక్క చెలకలో పన్నెండు మంది రైతులు వరసగా కల్లాలు చేసుకున్నారు. పదమూడోది వెంకట్రాంది. ఎండుకాయ వానకు తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది. దాన్ని తాలు అంటారు. తాలు కాయ బస్తా విప్పితే మార్కెట్లో కొనేవాళ్లు ముక్కు మూసుకోరు, అంతకంటే చెడ్డ పని చేస్తారు, నవ్వుతారు. వెంకట్రాం కాయ పూర్తిగా ఎండడానికి ఇంకో వారం మంచి ఎండ చాలు.

ఆ వారమే ఉగాదికి ముందు వచ్చే వారం. పొద్దున దుప్పటి కావాలనిపిస్తుంది, మధ్యాహ్నం తోలు కూడా బరువనిపిస్తుంది, సాయంత్రం ఎటునుంచో ఈదురుగాలి లేస్తుంది. రేపెలా ఉంటుందో ఆకాశానికే తెలియదు.

సోమవారం వెంకట్రాం అనుకున్నది చిన్న పని. ఎనిమిదింటికి కల్లం చేరి, కాయ ఒకసారి తిరగేసి, తొమ్మిదిన్నరకు దుకాణం తెరవాలి. కల్లం చేరాడు. ఎండ అప్పటికే వీపు మీద చెయ్యి వేసి తోస్తోంది. అప్పుడు పక్కనున్న భద్రయ్య కల్లం వైపు చూసి ఆగిపోయాడు. భద్రయ్య కాయ మొత్తం కప్పి ఉంది. నాలుగు మూలలా రాళ్లు కూడా పెట్టి ఉన్నాయి.

భద్రయ్యకు డెబ్భై ఏళ్లు. మిర్చి మీద నలభై ఏళ్ల అనుభవం. మనిషి కనిపించలేదు గానీ కప్పిన కాయ కనిపిస్తూనే ఉంది. వెంకట్రాం నిలబడి లెక్క వేశాడు. ఆకాశంలో మబ్బు లేదు. భద్రయ్యకు మతి తప్పలేదు. రెండూ నిజమైతే మూడోది ఒక్కటే మిగులుతుంది, వాన వస్తుంది. వెంటనే ఆరు టార్పాలిన్లూ పరిచి తన కాయ కప్పేశాడు.

అటుపక్క కల్లం దేవ్యాది. తండా నుంచి పొద్దున్నే భార్య రామితో వచ్చి కాయ తిరగేస్తున్నాడు. ఇది చూసి చేతిలో పార ఆపాడు.

"ఏంది సేటు, పరదాలు కప్పుతున్నవ్? వానొస్తదా ఏంది?"

వెంకట్రాంకు తెలియదు. కానీ తెలియదనే మాట ఇరవై ఆరేళ్లలో అతను దుకాణంలో వాడలేదు. అది సరుకును చవక చేసే మాట.

"మనం జెప్తమా దేవ్యా? మన జాగ్రత్తల మనముండాలె," అన్నాడు.

దేవ్యా, రామి తమ భాషలో ఏవో రెండు మాటలనుకున్నారు. చివరి మాట మాత్రం రామి అందరికీ వినబడేలా తెలుగులో అంది. "పరదాలు కిరాయికిచ్చేటోడే తన కాయ కప్పుకుంటుండంటె ఇగ మనమెంత!"

మధ్యాహ్నానికి దుకాణంలో నలభై ఎనిమిదీ వెళ్లిపోయాయి. కల్లాల నుంచి ఈ వార్త రోడ్డెక్కి, రోడ్డు మీద నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి బజారుకు చేరింది. చేరేటప్పటికి వాన కాస్తా తుఫాను అయింది. చర్చి ఆవరణలో సాయంత్రం పెట్టాల్సిన మీటింగు లోపలికి మార్చారు. బస్టాండు దగ్గర చెరుకు రసం బండివాడు బండి తిప్పుకుని ఇంటికి పోయాడు. వీధిలో ఆడవాళ్లు మిద్దెల మీది వడియాలు సగం ఎండినవి సగం ఎండినట్టే దింపేసి గిన్నెల్లో పోశారు. రజిత కూడా దింపింది. రాత్రికి ఆమె పోసిన నూట యాభై వడియాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే పెద్ద వడియం అయ్యాయి.

"వాడకట్టంత అంటున్నరు, మీ ఆయనే చెప్పిండట వానొస్తదని," అంది రజిత, ఆ ముద్దను భర్త ముందు పెట్టి. "ఊరందరికి చెప్పినవ్. ఇంట్ల పెండ్లాం యాదికి రాలే."

"నేనెవ్వరికి చెప్పలే."

"మరి ఎవ్వలు చెప్పిన్రు?"

ఆ ప్రశ్నకు జవాబు భద్రయ్య దగ్గర ఉందని వెంకట్రాం అనుకున్నాడు.

మంగళవారం మబ్బు లేదు. గాలి లేదు. చెట్టు మీద ఆకు కదిలితే అది పిట్ట వల్లే. నలభై డిగ్రీల ఎండలో పదమూడు కల్లాల కాయ పరదాల కింద ఆవిరి పట్టి మగ్గింది. ఆ ఘాటుకు రోడ్డు మీద పోయేవాళ్లు తుమ్ముకుంటూ పోయారు. అయినా ఎవరూ విప్పలేదు. సేటు విప్పలేదు కాబట్టి. సేటు ఎందుకు విప్పలేదంటే భద్రయ్య విప్పలేదు కాబట్టి.

సాయంత్రం గేటు దగ్గరి చాయ్ హోటల్లో భద్రయ్య దొరికాడు. వెంకట్రాం చాయ్ చెప్పి, మాటను దూరం నుంచి తిప్పుకొచ్చాడు.

"ఏం బాపు, నిన్న మస్తు జల్దిగ కప్పినవ్ కాయ?"

"కాయనెక్కడ గప్పిన సేటు!" అన్నాడు భద్రయ్య చాయ్ ఊదుకుంటూ. "కొట్టంల పరద మీద దూడ ఉచ్చవోసింది. పేడ గూడ వెట్టింది. కడిగిన. కింద ఆరేస్తె మట్టంటుతదని కాయ మీద ఆరేసిన. గంతే."

ఊరు ఊరంతా, చర్చితో సహా, ఒక దూడ చెప్పినట్టు నడుచుకుంది.

"మరి ఎండినంక తియ్యకపోతివి?"

"ఎట్ల తీస్త? నేను తిరిగొచ్చేటాల్లకు నువ్వు కప్పినవ్. నువ్వు గప్పినవంటె ఊకెనే గప్పుతవా? ఏదో తెలిసే ఉంటదనుకున్న. అవును సేటు, నీకెట్ల తెలిసింది?"

నిన్ను చూసే కప్పాను అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో వారం మొత్తం సర్దుకునేది. కానీ దాని వెల ఎంతో వెంకట్రాం అక్కడికక్కడే అంచనా వేశాడు. ఇరవై ఆరేళ్ల పేరు. బేరం కుదరలేదు.

"ఫోన్ల వచ్చింది బాపు," అన్నాడు.

"గదే అనుకున్న," అని భద్రయ్య తృప్తిగా తల ఊపి, ఇంటికి పోయేటప్పుడు కల్లం మీద ఇంకో నాలుగు రాళ్లు పెట్టి పోయాడు.

బుధవారం తెల్లవారుజామునే వెంకట్రాం కల్లానికి వెళ్లి, ఎవరూ చూడకముందే తన కాయ విప్పేశాడు. ఎవరూ చూడకముందే అనేది అతని ఉద్దేశం. ఎనిమిదింటికి పన్నెండు కల్లాలూ విప్పి ఉన్నాయి. కాయకు గాలి తగిలింది, రంగు తేలింది, దేవ్యా పాట కూడా పాడాడు. అంతా బాగానే ఉండేది, మధ్యాహ్నం మూడింటికి ఈదురుగాలి లేవకపోయి ఉంటే. గాలి వెనకాలే ఒక చిన్న మబ్బు వచ్చింది. చేటంత ఉంటుంది. దారి తప్పి వచ్చిన దానిలా కల్లాల మీద ఆగి, పది నిమిషాలు చినుకులు రాల్చి పోయింది.

అప్పుడు రైతులంతా తండాల్లో, ఊళ్లో అన్నాలకు పోయి ఉన్నారు. వెంకట్రాం ఒక్కడే కల్లంలో ఉన్నాడు. అది కూడా ముందుచూపుతో కాదు. స్కూటర్ స్టార్టు కాలేదు, అరగంట నుంచి తంతున్నాడు. చినుకు పడగానే తన కాయ కప్పి, చెయ్యి ఖాళీ అయినంతలో దేవ్యా కల్లంలో ఒక మూల కూడా కప్పాడు. రైతులు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చినుకులు ఆగాయి. పన్నెండు కల్లాల్లో పైపొర తడిసింది. సేటు కాయ మాత్రం పొడిగా ఉంది.

ఆ ఒక్క మూల కప్పిన సంగతి ఎవరికీ కనిపించలేదు. పొడిగా ఉన్న కాయ అందరికీ కనిపించింది.

"కప్పినవ్, కప్పినం. ఎండగొట్టింది," అన్నాడు దేవ్యా, గట్టు మీద కూర్చుని, కోపంగా కూడా కాదు, లెక్క అప్పజెప్పినట్టు. "ఇప్పినవ్, ఇప్పినం. వానగొట్టింది. నీది నువ్వు కప్పుకున్నవ్. మంచిగున్నది సేటు."

"నేను కప్పుమన్ననా? ఇప్పుమన్ననా? నేనేమన్న అన్ననా?"

"గదే గద. నువ్వేమనవు. నీదంత చేతలల్లనే ఉంటది," అంది రామి.

"ఫోన్ల రాలేదా సేటు ఇయ్యాల?" అన్నాడు భద్రయ్య. ఆ గొంతులో ఉన్నది అనుమానమో, నిజంగా తెలుసుకోవాలనే కోరికో వెంకట్రాంకు తేలలేదు. ఏదైనా ఒకటే.

చీకటి పడకముందే టార్పాలిన్లన్నీ దుకాణానికి తిరిగి వచ్చాయి. తెచ్చినవాళ్లు మెట్ల మీద పడేసి పోయారు. వాళ్లు వాళ్లలో వాళ్లు చేసుకున్న తీర్మానం మాత్రం చాయ్ హోటల్ ద్వారా రాత్రికే రజితకు తెలిసింది, రజిత ద్వారా వెంకట్రాంకు అన్నంతో పాటు వడ్డించబడింది.

"ఇగ సంది నువ్వేం జేస్తె దానికి ఉల్టా జేస్తరట. నువ్వు గప్పితె ఎండ, నువ్వు ఇప్పితె వాన. గట్ల వెట్టుకున్నరు హిసాబ్."

"పిచ్చి లెక్క," అన్నాడు వెంకట్రాం.

"రెండు దినాలు సూసిన్రు. రెండు దినాలు గట్లనే అయింది. నీ లెక్కలకంటె నయమే ఉన్నది."

గురువారం ఆ పిచ్చి లెక్క పరీక్షకు వచ్చింది. పొద్దున మంచు, పదింటికి ఎండ, మధ్యాహ్నం ఖమ్మం దిక్కు నుంచి ఏనుగుల్లాంటి మబ్బులు. వెంకట్రాం గబగబా కప్పాడు. పన్నెండు మందీ చేతులు కట్టుకుని, అతను కప్పడం చివరి రాయి దాకా చూసి, తమ కాయను ఇంకాస్త పలచగా, ఇంకాస్త వెడల్పుగా పరిచారు. మబ్బులు వచ్చాయి, నెత్తి మీద నిలబడ్డాయి, ఉరిమాయి. తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు పెద్దవంగర వైపు వెళ్లిపోయాయి. ఒక్క చుక్క రాలలేదు. సాయంత్రం ఎండ మళ్లీ వచ్చి పన్నెండు కల్లాల కాయను గలగలమని ఎండబెట్టింది. పదమూడో కల్లంలో వెంకట్రాం పరదాల కింద ఉక్కలో చెయ్యి పెట్టి చూసుకుంటుంటే అవతల నుంచి నవ్వులు వినిపించాయి. రామి తమ భాషలో ఏదో అంది. అర్థం కాలేదు గానీ ఎవరి గురించో అర్థమైంది.

శుక్రవారం వచ్చింది. పొద్దున నుంచే గాలి ఆగిపోయింది. రెండింటికి ఆకాశం నల్లబడింది. అది నిన్నటి నలుపు కాదు, ఆకుపచ్చ కలిసిన నలుపు. వెంకట్రాం జేబులో ఫోన్ మోగింది. ఈసారి నిజంగానే ఫోన్‌లో వచ్చింది. గంటలోపు పిడుగులతో వాన, వడగళ్లు. వారం మొత్తంలో మొదటిసారి వెంకట్రాంకు వాన గురించి నిజంగా ఒక విషయం తెలిసింది. అప్పటికే కప్పి ఉన్న తన కాయ మీద రాళ్లు సర్దుకుని, గట్టెక్కి అరిచాడు.

"దేవ్యా! బాపు! వడగండ్లు పడ్తయి! కప్పుకోన్రి! దుకాణంల పరదాలున్నయి, తెచ్చుకోన్రి!"

ఎవరూ కదల్లేదు.

"గీ ఫోన్ల వచ్చింది! సూడున్రి!"

"మంగళారం గూడ ఫోన్లనే వచ్చిందంటివి," అన్నాడు భద్రయ్య.

"సేటు కప్పిండు. ఇగ మనకు రంది లేదు," అన్నాడు ఇంకెవరో. అందరూ నవ్వారు. రామి మూలన కుప్పగా ఉన్న కాయను కూడా తెచ్చి ఎండలోకి, అంటే ఎండ ఉండాల్సిన చోటికి, పరవడం మొదలుపెట్టింది.

వెంకట్రాం గట్టు మీద నిలబడి చూశాడు. రోడ్డు దాకా ఎరుపు. పన్నెండు ఇళ్లు ఏడాదంతా వంగి చేసిన పని నేల మీద మూత లేకుండా పడి ఉంది. తను ఎంత అరిస్తే అంత నమ్మకంగా వాళ్లు కప్పరు. కప్పకపోతే గంటలో అదంతా తాలు. తాలు అయితే వచ్చే ఏడు వీళ్లు మిర్చి పెట్టరు, మిర్చి పెట్టకపోతే టార్పాలిన్లు ఎవరికి కావాలి? పైగా తప్పు ఎటు తిరిగీ తన మీదికే వస్తుంది. మరి వీళ్ల చేత కప్పించే దారి? ఒక్కటే ఉంది. అది వాళ్ల తీర్మానంలోనే ఉంది. ఆ క్షణంలో అతని మనసులో జాలి ఎంత, దుకాణంలో ఖాళీగా పడున్న నలభై ఎనిమిదింటి కిరాయి ఎంత అని అడిగితే అతనూ చెప్పలేడు. రెండూ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు విడదీసి తూకం వేసే అలవాటు వ్యాపారికి ఉండదు.

కిందికి దిగాడు. రాళ్లు తీశాడు. ఒక్కో టార్పాలిన్‌ను అందరికీ కనిపించేలా దులిపి, మడిచి, గట్టు మీద పేర్చాడు. ఆరు మడతలు. పద్దెనిమిది క్వింటాళ్ల కాయ నల్లటి ఆకాశం కింద ఎర్రగా బయటపడింది. వీళ్లు పరదాలకు పరుగెత్తగానే మళ్లీ కప్పేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని.

దేవ్యా చేతిలో పార జారిపోయింది.

"అరే, సేటు ఇప్పుతుండురో! వానొస్తుందే! ఉరుకున్రి!"

రెండు నిమిషాల్లో రెండు ట్రాక్టర్లు గేటు దాటాయి. వెంకట్రాం గట్టు మీద కూర్చుని ఓ పది నిమిషాలు తన తెలివికి తనే ముచ్చటపడి, మొదటి మడత చేతిలోకి తీసుకున్నాడో లేదో ఫోన్ మోగింది. దుకాణం నుంచి రజిత.

"ఏమయ్యా, ఒక్కసారె మీద పడ్డరు! ఎవ్వలెన్ని తీస్తున్నరో ఏం సమజైతలేదు. నాతోని గాదు, నువ్వు రా!"

వెంకట్రాం మబ్బు వైపు చూశాడు. ఇంకా అరగంట పడుతుంది. దుకాణం పది నిమిషాలు. పోవడం పది, రావడం పది, అక్కడ ఐదు. ఐదు నిమిషాలు మిగులుతాయి. మడత కింద పెట్టి స్కూటర్ తన్నాడు. వారంలో మొదటిసారి స్కూటర్ మొదటి తన్నుకే స్టార్టయింది.

దుకాణం చేరేసరికి అంతా అయిపోయింది. ముందొచ్చినవాళ్లు నాలుగు కావాల్సిన చోట ఐదు, ఆరు ఎత్తుకున్నారు. ట్రాక్టర్లు బయల్దేరుతున్నాయి. ఎవరివెన్నో పేర్లు అడిగి రాసుకునేసరికి అనుకున్న ఐదు నిమిషాలు ఎనిమిదయ్యాయి. ట్రాక్టర్లు గేటు దాటాయి. వాటి వెనకే వచ్చిన వెంకట్రాం ముందు గేటు పడింది.

గూడ్సు బండి. బొగ్గు వ్యాగన్లు. ఊరికే నిలబడడం చేతకాక లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఒకటో వ్యాగన్ దగ్గర బండి నెమ్మదించి, ముప్పై నాలుగో వ్యాగన్ సరిగ్గా అతని ఎదురుగా వచ్చి ఆగింది. సిగ్నల్ దొరకలేదు. ఫోన్ మోగింది. రజిత.

"దేవ్యా ఫోన్ జేసిండు. పాపం, ఆయనకు ఒక్కటి గూడ దొర్కలేదట. సేటువి ఆరు గట్టు మీద ఊకెనే ఉన్నయక్కా, సేటెట్లాగు ఇప్పేసుకున్నడు, తీస్కోవాల్నా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"తీస్కొమ్మన్న. ఊకెనే ఉన్న సరుకు కిరాయికి పోతె మంచిదే గద! నువ్వు నేర్పిందే."

వెంకట్రాం ఏదో అన్నాడు. అది ఆమెకు వినిపించలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మొదటి వడగల్లు స్కూటర్ ముందు మడ్‌గార్డ్ మీద ఠంగుమంది. రెండోది అతని నెత్తి మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో చూడడానికి అతను అక్కడ లేడు, చాయ్ హోటల్ రేకుల కింద ఉన్నాడు. నిమ్మకాయలంత వడగళ్లు, వాటి వెనక కుండపోత. ఇరవై నిమిషాలు. ఆగిన వ్యాగన్ అవతల అతని పద్దెనిమిది క్వింటాళ్లు ఉన్నాయి, ఇవతల అతను ఉన్నాడు.

గేటు లేచాక కల్లం చేరాడు. పన్నెండు కల్లాలూ నీలంగా, పొందికగా కప్పి ఉన్నాయి. దేవ్యా, రామి చెరో మూల పరదాను గాలికి లేవకుండా కూర్చుని తొక్కిపట్టారు. నెత్తిన బోర్లించుకున్న ఇనుప తట్టల మీద ఇంకా చినుకులు చప్పుడు చేస్తున్నాయి. ఆ ఆరు పరదాలు ఎవరివో దూరం నుంచే తెలుస్తోంది.

"సేటూ! రజితక్క తీస్కొమ్మన్నది!" అని దేవ్యా తట్ట కింద నుంచి సంతోషంగా అరిచాడు. "ఒక్క కాయ తడ్వలె! నీ మేలు సచ్చిపోయినా మర్వం!"

పదమూడో కల్లంలో ఎర్రటి కాయ మీద తెల్లటి వడగళ్లు పరుచుకుని ఉన్నాయి. చూడడానికి బాగానే ఉంది. అంచు నుంచి ఎర్రటి నీళ్లు సన్నటి కాలువ కట్టి రోడ్డు దాకా పోతున్నాయి.

శనివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. వెంకట్రాం, రజిత తడిసిన కాయను పలచగా పరుస్తున్నారు. రజిత ఒక తడి కాయ పైకి తీసి చూసింది, చేతికి రంగు అంటింది, చీర కొంగుకు తుడుచుకుంది. అప్పుడు భద్రయ్య ముందు, పన్నెండు కల్లాల వాళ్లూ వెనక, గట్టు మీదికి వచ్చారు. వెంకట్రాం నడుం ఎత్తి నిలబడ్డాడు. తిట్లకు సిద్ధంగానే ఉన్నాడు.

భద్రయ్య తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సేటు, రాత్రంత నిద్రలేదు మాకు. మేము నిన్ను మస్తు మాటలన్నం. నువ్వు అరిసి జెప్పినవ్, మేము నవ్వినం. జెప్తె వినరని ఎర్కై, నీ కాయ నువ్వే ఇప్పి చూపెట్టినవ్. ఆఖరికి నీ పరదాలు గూడ దేవ్యాకిచ్చి, నీది గిట్ల నానవెట్టుకున్నవ్. గింత కాలం మిర్చి పెట్టిన, గిసువంటి మనిషిని సూడలె."

వెంకట్రాం నోరు తెరిచాడు. "అది గాదు బాపు, నేను..."

"వద్దు సేటు. చేసినోనివి, నువ్వు చెప్పుకోకు. ఊరు చెప్పుకుంటది."

రామి కళ్లు ఒత్తుకుంది. వెంకట్రాం రజిత వైపు చూశాడు. జరిగింది తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకరు తను. రజిత తడి కాయ వైపు చూసింది, ఆ పన్నెండు మొహాల వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపు అని రైతులు అనుకున్నారు. ఆమె భుజాలు ఊగడం చూసి రామి కూడా ఏడవసాగింది.

పన్నెండు ఇళ్ల ఆడవాళ్లు ఆ రోజంతా కూర్చుని వెంకట్రాం కాయ ఏరారు. మూడు వంతుల్లో ఒక వంతు ఎర్రగా తేలింది, రెండు వంతులు తాలు. నవ్వని బేరగాడు దొరుకుతాడేమోనని వెంకట్రాం మార్కెట్లన్నీ మనసులో ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఎవరూ దొరకలేదు. సాయంత్రం టార్పాలిన్లు కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసినట్టు మడిచి తెచ్చి దుకాణంలో పెట్టారు. అంత చక్కగా ఇరవై ఆరేళ్లలో ఎవరూ తేలేదు. వెంకట్రాం కొద్దిగా దగ్గి, గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి మెల్లగా కదిలించాడు.

"మరి బాపు, గీ పరదాల కిరాయి..."

భద్రయ్య మొహంలో బాధ కనిపించింది.

"కిరాయా? గంత పుణ్యం జేసి, దాని మీద కిరాయి దీస్కుంటె నీకేం మిగుల్తది సేటు? మేం బీదోళ్లమే గని, నీ పుణ్యం చెడగొట్టేటంత పాపిష్టోళ్లం గాదు."

"అయ్యో, గట్లెట్ల ఇస్తం సేటు!" అన్నాడు దేవ్యా. అందరూ ఔనన్నారు. తన ఎదుటే, తన మేలు కోరి, పన్నెండు మంది ఇంత గట్టిగా నిలబడడం వెంకట్రాం ఎన్నడూ చూడలేదు. లొంగిపోయాడు.

ఆదివారం పొద్దున కల్లాల దగ్గర చిన్న మీటింగు పెట్టి శాలువా కప్పారు. ఆ ఎండలో శాలువా మెడకు మిరపకాయలా మండింది. తర్వాత భద్రయ్య లేచి ఒక తీర్మానం చదివించాడు. కల్లాలు ఖాళీ అయ్యేదాకా మబ్బు కనిపించినప్పుడల్లా సేటు తన కాయ విప్పాలా, కప్పాలా అనేది చేసి చూపించాలి, మిగతావాళ్లంతా దానికి ఉల్టా చేయాలి. ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. వచ్చే ఏడు మిర్చి సీజన్‌కు కూడా ఇదే పద్ధతి. అందుకోసం సేటు వచ్చే ఏడు కూడా తప్పకుండా మిర్చి పెట్టాలని ఏకగ్రీవంగా కోరారు.

తీర్మానం చదవడం అయిపోయేసరికి పడమర నుంచి చిన్న మబ్బు ఒకటి తల ఎత్తింది. పన్నెండు మందీ పని ఆపి, చేతులు కట్టుకుని, వెంకట్రాం వైపు తిరిగారు. వెంకట్రాం శాలువా సర్దుకుని, మిగిలిన ఆ ఒక్క వంతు కాయ మీది పరదాకు పెట్టిన రాళ్లు తీయడం మొదలుపెట్టాడు. వారం మొత్తం కూడి, తీసి చూస్తే లాభం వచ్చింది డోర్నకల్ రైతులకే. జీతం అడగని వాతావరణ శాఖ ఒకటి వాళ్లకు స్థిరపడింది.